నారింజ కోటు వేగం

మనిషి ఒంటరిగా నడిస్తే దాన్ని నడక అంటారు. ముందే బుక్ చేసుకుని, విమానమెక్కి, పరాయి దేశపు కొండల్లో ఒక గైడు వీపు చూస్తూ నడిస్తే దాన్ని అనుభవం అంటారు. దారి తప్పే అవకాశాన్ని పూర్తిగా తీసేసి, మిగిలినదానికి సాహసయాత్ర అని పేరు పెట్టగలిగిన మొదటి తరం మనదే. ఇందుకు మనమంతా గర్వపడాలి. (గర్వపడటానికి కేటాయించిన సమయం రాత్రి భోజనాల తర్వాత.)

నడక, సైకిలు, వన్యప్రాణులు మూడూ కలిసొచ్చే ఆ ప్యాకేజీని మా ఆవిడ తనకీ వాళ్లమ్మకీ బుక్ చేసింది. తీరా బయల్దేరే వేళకి ఆఫీసువాళ్లు సెలవివ్వలేదు. టూర్ కంపెనీవాళ్లు మర్యాదస్తులు. తేదీ మార్చడం కుదరదు గానీ కూతుర్ని మార్చుకోవచ్చన్నారు. ఆ విధంగా కూతురి ఖాళీలో అల్లుణ్ని నియమించడం జరిగింది. నేను బీమా ఆఫీసులో కూర్చుని పనిచేస్తాను. అక్కడ నా నడక గురించి ఇంతవరకూ ఎవరూ తప్పుబట్టలేదు, ఎవరూ చూడలేదు కాబట్టి.

మా అత్తగారు రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ హాల్లోంచి వంటింట్లోకి వెళ్లినా బడి గంట కొట్టేసినంత హడావిడిగా ఉంటుంది. ఉద్యోగం అయిపోయినా మెడలో విజిలు మాత్రం అలాగే ఉంది. అది తీసేస్తే అమ్మ భుజాలు కాస్త వంగిపోతాయని మా ఆవిడ ఒకసారి అంది. నేను పట్టించుకోలేదు.

విమానంలో ఊసుపోక అడిగాను. "ఇన్ని టూర్లుండగా ఇదే ఎందుకండీ అత్తయ్యగారూ? గుళ్లూ గోపురాలూ కాకుండా?"

"ఆఖరిరోజు ఒక సరస్సు దగ్గరికి తీసుకెళ్తారట బాబూ. సాయంత్రం వేళ అడవి బాతులు వేలకొద్దీ వరసకట్టి వచ్చి దిగుతాయట. నా సర్వీసంతా పిల్లల్ని వరసలో నిలబెట్టడంతోనే సరిపోయింది. గొంతు పోయింది గానీ ఒక్క వరస తిన్నగా నిలబడితే ఒట్టు. విజిలు లేకుండా వరస కట్టేవాళ్లని ఒక్కసారి కళ్లారా చూడాలని."

నేను సీటు బెల్టు మళ్లీ బిగించుకున్నాను.

మొదటిరోజు పొద్దున్న హోటలు వరండాలో గైడు మా అందరినీ సమావేశపరిచాడు. మన భాష మాట్లాడే కుర్రాడే, ఎండకి ముక్కు కందిపోయి ఉంది. కంపెనీ బృందవేగ విధానాన్ని చదివి వినిపించాడు. "మన బృందం అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే నడుస్తుంది. ఎవర్నీ వెనక వదిలిపెట్టం." అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్తగారు కూడా కొట్టారు, రెండే రెండు దెబ్బలు, డ్రిల్లు లెక్కలో.

మొదటి కొండ సగం ఎక్కామో లేదో గైడు నా దగ్గరికొచ్చి సంచీలోంచి నారింజ రంగు కోటు ఒకటి తీశాడు.

"సార్, మీరే."

"నేనే ఏమిటి?"

"కనిష్ఠవేగ సభ్యులు. ఇది తొడుక్కోండి."

అవమానమేమోననుకున్నాను. కాదు, అది పదవి. కోటు కదిలేదాకా ఎవరూ కదలకూడదు. కోటు ఆగితే అందరూ ఆగాలి. ఫ్లాస్కులో టీ మొదట కోటుకి పోయాలి. బస్సులో ముందు సీటు కోటుది. రాత్రి విందుల్లో పెద్ద కుర్చీ, ఆఖరిరోజు చిన్న ఉపన్యాసం కూడా కోటువే. నా సర్వీసులో ప్రమోషన్ అనే మాట విన్నాను గానీ దాని వెచ్చదనం ఒంటికి తగలడం అదే మొదలు. జీవితమంతా జనాన్ని కౌంటరు ముందు నిలబెట్టిన మా బృందపు బ్యాంకు మేనేజరుగారు, నేను తుమ్మడం పూర్తయ్యేదాకా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇక ఎందుకు తొందరపడతాను? బూటులో రాయి పడిందన్నాను. తీసి చూస్తే లేదు. రెండో బూటు కూడా చూశాను.

ఇంతలో మా అత్తగారు గైడుని దాటి కొండ మలుపు దగ్గరికి వెళ్లిపోయారు. గైడు పరిగెత్తుకుంటూ వెళ్లి బతిమాలాడు.

"మేడమ్, దయచేసి నా వెనక నడవండి."

"ఎందుకు నాయనా? దారి కనిపిస్తూనే ఉందిగా?"

"మీరు నా ముందు నడిస్తే నేను గైడుని కాను మేడమ్. మీ వెనకాల వచ్చే మనిషినవుతాను."

ఆ మాటలో న్యాయం ఉందని ఆవిడే ఒప్పుకున్నారు. అయినా నిబంధన నిబంధనే కాబట్టి ఆవిడకి 'అత్యుత్సాహ హెచ్చరిక' జారీ అయింది. అత్యుత్సాహం ఉన్నవాళ్లని కోటు పక్కనే నడిపించాలి. అలా మా అత్తగారిని తెచ్చి నా పక్కన నిలబెట్టారు.

కాసేపు నడిచాక ఆవిడ గొంతు తగ్గించి అడిగారు. "ఏం బాబూ, కాళ్లు నొప్పులుగా ఉన్నాయా?"

"లేదండీ, బాగానే ఉన్నాయి."

"ఆయాసమా?"

"అదీ లేదండీ."

"మరి?"

"పదవి, అత్తయ్యగారూ."

ఆవిడ నా అడుగులో అడుగు వేయడానికి ప్రయత్నించారు గానీ, అంత చిన్న అడుగు ఆవిడ ఎప్పుడూ వేసి ఎరగరు. మధ్యమధ్య అక్కడే నిలబడి కాళ్లు ఆడించుకుంటూ నా కోసం చూశారు.

రెండోరోజు సైకిళ్లు. ఎక్కబోయేముందు మా బృందంలోని పళ్ల డాక్టరుగారు అభ్యంతరం లేవదీశారు. ఈయన రాత్రి విందులో పెద్ద కుర్చీని పరిశీలనగా చూడటం నేను గమనించే ఉన్నాను. తనే అందరికన్నా నెమ్మది అనీ, తొలిరోజు ఉత్సాహంలో పొరపాటున కాస్త నడిచేశాననీ, కోటు న్యాయంగా తనకే చెందాలనీ వాదించారు. సాక్ష్యంగా ఫోనులో మోకాలి ఎక్స్‌రే చూపించారు. (పళ్ల డాక్టరు దగ్గర మోకాలి ఎక్స్‌రే ఎందుకుందని ఎవరూ అడగలేదు. అది ఎవరి మోకాలని కూడా.)

గైడు హెడ్డాఫీసులో ఉండే వేగ పర్యవేక్షణాధికారిణికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. ఆవిడ గొంతు చాలా చల్లగా ఉంది. ఇద్దరు అభ్యర్థులున్నప్పుడు బహిరంగ పరీక్ష తప్పదన్నారు. హోటలు గేటు నుంచి బస్సుదాకా సైకిలు తొక్కాలి. కాలు కింద పెట్టకుండా, ఆఖర్న చేరినవాడిదే కోటు. స్కూల్లో మనందరం చూసిన స్లో సైకిల్ రేసే, కాకపోతే దీనికోసం విమానమెక్కాం. రిఫరీగా అర్హతలున్న మనిషి బృందంలో ఒక్కరే ఉన్నారు.

మా అత్తగారు విజిలు ఊదారు. డాక్టరుగారు కదలని సైకిలు మీద బొమ్మలా కూర్చున్నారు. నేను హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ గాలితో బేరమాడాను. మాతో వచ్చిన అక్కచెల్లెళ్లిద్దరు వీడియో తీశారు. గేటు కాపలాదారు డ్యూటీ దిగి, ఇంటికెళ్తూ మమ్మల్ని దాటిపోయాడు. చివరికి డాక్టరుగారి నోట్లో ఈగ పడింది. నోటి పరిశుభ్రత విషయంలో రాజీపడని మనిషి కాబట్టి ఉమ్మడానికి వంగారు, కాలు నేలకి తగిలింది.

"గెలిచింది మా అల్లుడుగారు" అని ప్రకటించారు అత్తగారు. పోలీసు స్టేషన్లో దొంగని గుర్తుపట్టేవాళ్లు ఆ గొంతుతోనే చెప్తారు.

పరీక్ష పూర్తయ్యేసరికి సైకిలు తొక్కాల్సిన పూట అయిపోయింది. బృందం ఎక్కడా విడిపోలేదు కాబట్టి ఆరోజు యాత్ర విజయవంతమైనట్టు గైడు హెడ్డాఫీసుకి తెలియజేశాడు.

ఇక అక్కణ్నుంచి నెమ్మది అంటువ్యాధిలా పాకింది. మేనేజరుగారికి ఎక్కడలేని ఆయాసం మొదలైంది. అక్కచెల్లెళ్లు ఒక పువ్వు దగ్గర కూర్చుని, అది వాడిపోయేదాకా ఫొటోలు తీశారు. నేనేమైనా తక్కువ తిన్నానా? పదవిలో ఉన్నవాడిని, అందరికన్నా ఒకాకు ఎక్కువే చదివాను. ఒక మిట్ట మధ్యాహ్నం మేమంతా చెట్టు కింద నిలబడి ఉండగా ఒక నత్త మమ్మల్ని దాటిపోయింది. గైడు దాన్ని వన్యప్రాణుల కింద నమోదు చేశాడు. హెచ్చరిక జారీ చేయలేదు, అది బృంద సభ్యురాలు కాదు.

ఆఖరిరోజు మధ్యాహ్నం బస్సు మమ్మల్ని సరస్సు దగ్గరి పార్కింగులో దింపింది. ఎదురుగా చిన్న గుట్ట. గుట్టకి అవతల నీళ్లు. పార్కింగులోనే ఒక పెద్ద బోర్డు మీద ఎగురుతున్న బాతు బొమ్మ వేసి ఉంది. అత్తగారు బస్సులోనే బూట్ల లేసులు బిగించుకుని, అందరికన్నా ముందు దిగి, నా పక్కన సావధాన్‌గా నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే గైడు ఫోను మోగింది. సైకిలు పరీక్ష తీర్పు మీద పళ్ల డాక్టరుగారు పెట్టుకున్న అప్పీలు విచారణకి వచ్చింది. ఈగ విషయం దైవికమనీ, దాన్ని పరిగణనలోకి తీసుకోకూడదనీ ఆయన వాదన. ఈలోగా మేనేజరుగారు కూడా తన ఆయాసాన్ని అందులో కలపమని కోరారు. ఆర్డరు వచ్చేదాకా కోటు కదలకూడదని పర్యవేక్షణాధికారిణి స్టే ఇచ్చారు. కోటు కదలకపోతే బృందం కదలదు.

ఎండ వాలింది. గుట్ట అవతల్నుంచి ఏదో కలకలం మొదలైంది. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. బడి వదిలిన చప్పుడులా ఉంది. బెంచీ మీద కూర్చున్న అత్తగారు తలెత్తారు. నేను పక్కనే కూర్చుని, రాత్రి విందులో పెద్ద కుర్చీలోంచి చదవబోయే ఉపన్యాసం మనసులో దిద్దుకుంటున్నాను.

"ఆర్డరు ఎప్పుడొస్తుంది నాయనా?" అని అడిగారావిడ.

"పై అధికారితో మాట్లాడి చెప్తామన్నారు మేడమ్. ఆ పై అధికారి కూడా తన పై అధికారికి ఫోన్ చేశారట."

అత్తగారు ఇంకాసేపు చూశారు. తర్వాత మెడలోంచి విజిలు తీసి, దాని తాడు చక్కగా చుట్టి హ్యాండుబ్యాగులో పెట్టుకున్నారు.

"పోనీలెండి బాబూ. ఇంటికెళ్లాక వీడియోలో చూద్దాం. అందులోనూ వరసగానే కనిపిస్తాయిగా."

కోపంగా అన్నా బాగుండేది. బుజ్జగిస్తున్నట్టుగా అన్నారు, అదీ నన్ను. ఆవిడ భుజాలు కాస్త వంగి ఉన్నాయి. మా ఆవిడ చెప్పింది నిజమే.

నేను లేచి కోటు గుండీలు విప్పాను. గైడు కంగారుపడ్డాడు.

"సార్! కోటు తీయాలంటే అనుమతి కావాలి!"

"అడుగు. ఈలోగా తీసేస్తాను."

"కోటు లేకపోతే బృందం కదలదు సార్!"

"ఇప్పుడు కదులుతోందా?"

అతను నిజాయితీపరుడు, ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఫోను చేత్తో మూసి, పక్కకి చూస్తూ గొణిగాడు. "ఎడమవైపు కాలిబాట దగ్గరి దారి. నేను చెప్పలేదు."

కోటు బెంచీ మీద పడింది. డాక్టరుగారూ మేనేజరుగారూ అటువైపు కదిలారు. (నాకు తెలిసినంతలో ఆ వారంలో వాళ్లిద్దరూ చూపించిన అత్యధిక వేగం అదే.)

"పదండి అత్తయ్యగారూ."

"మీరు ఎక్కగలరా బాబూ?"

"నాకూ తెలీదండీ. ఎప్పుడూ ప్రయత్నించలేదు."

ఎక్కాను. ఎలా ఎక్కానో చెప్పడం గౌరవంగా ఉండదు. ఆవిడ ముందు నడుస్తూ "ఎడమ, కుడి! చేతులు ఊపండి! నోరు మూసి ముక్కుతో పీల్చండి!" అని ఆర్డర్లు వేస్తుంటే, నేను ఆవిడ బూట్ల మడమలు తప్ప ఇంకేమీ చూడలేదు. చివర నాలుగడుగులు నా చెయ్యి పట్టుకుని లాగారు.

గుట్ట మీదికి చేరేసరికి ఆకాశం నిండిపోయి ఉంది. వరస వెనక వరస, కోణాలు కోణాలుగా, అరుచుకుంటూ, నీళ్ల మీదికి వంగుతూ. ఎవరూ ఎవర్నీ లెక్కపెట్టడం లేదు. ముందున్న బాతు అలిసిపోయి పక్కకి తప్పుకుంటే ఇంకొకటి వచ్చి ఆ చోటు తీసుకుంది. అనుమతి ఎవరిచ్చారో తెలీలేదు.

అత్తగారు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తల వెనక్కి వాల్చి చూస్తూ ఉండిపోయారు. కళ్లు తుడుచుకుంటారేమోనని నేను మర్యాదగా పక్కకి తిరగబోయాను. ఆవిడ ఒక్కసారిగా పకపకా నవ్వారు.

"అదిగో, అటు చూడండి! ఆ చివరిది! వరస వదిలేసి దిక్కులు చూస్తోంది. ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు!"

నిజమే. ఒక బాతు బాగా వెనకబడింది. మిగతావి దానికోసం ఆగలేదు. అది కాసేపు అరిచి, రెక్కలు టపటపా కొట్టి, చివరికి కలుసుకుంది.

"శభాష్!" అని అరిచారు అత్తగారు. నన్నో దాన్నో తెలీలేదు. నేను మాత్రం నా ఖాతాలోనే వేసుకున్నాను.

ఆవిడ ఫోనులో ఫొటోలు తీశారు. చీకటిపడే ముందు కిందికి దిగాం. దిగేటప్పుడు పందెం వేసుకున్నాం, నేను ఓడిపోయాను, చాలా సంతోషంగా.

పార్కింగులో ఆర్డరు వచ్చి ఉంది. ఇద్దరు అభ్యర్థులూ సమానంగా నెమ్మదిగా ఉన్నందున కోటుని ఉమ్మడిగా ధరించాలట. పళ్ల డాక్టరుగారూ బ్యాంకు మేనేజరుగారూ చెరొక చెయ్యి తొడుక్కుని, ఒకరినొకరు ఒరుసుకుంటూ బస్సు ముందు సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. గుట్ట ఎక్కే సమయం మించిపోవడంతో బృందమంతా పార్కింగులోని బోర్డు ముందు నిలబడి గైడుతో కలిసి ఫొటో దిగారని అక్కచెల్లెళ్లు చెప్పారు.

రాత్రి విందులో, ఉమ్మడి ఉపన్యాసం తర్వాత, అందరికీ 'అడవి బాతుల దర్శనం' ధ్రువపత్రాలు పంచారు. మా ఇద్దరి పేర్లూ పిలవలేదు. అత్తగారు లేచి, మళ్లీ మెడలోకొచ్చిన విజిలు సర్దుకుంటూ, ఫోనులో ఫొటో గైడుకి చూపించారు. ఆకాశం నిండా బాతులే. గైడు చాలాసేపు చూశాడు. "ఎంత బాగుంది మేడమ్" అన్నాడు. అతను ఆ పక్షుల్ని ఎప్పుడూ చూడలేదట, మూడేళ్లుగా బృందాలతోనే వస్తున్నాడు కదా. ఫొటో హెడ్డాఫీసుకి పంపాడు.

భోజనం పూర్తయ్యేలోపే పర్యవేక్షణాధికారిణి జవాబిచ్చారు. బాతులున్న ఫొటోలో గైడు లేనందున దాన్ని వన్యప్రాణి దర్శనంగా పరిగణించలేమట. గైడు ఉన్న ఫొటోలో బాతులు లేకపోతే మాత్రం నిబంధనల ప్రకారం ఏ ఇబ్బందీ లేదట.