నంబరు పడిన చింతచెట్టు

అడవులు నరికేస్తున్నారని అనకాపల్లిలో ఎవరు గుండెలు బాదుకున్నా నేను వాళ్లతో చేరను. నంబరు వేసి నరికితే అది నరకడం కాదండీ, యాజమాన్యం! శాస్త్రీయ అటవీ యాజమాన్యం!

మనకు రేషన్ కార్డు నంబరుంది. ఇంటికి డోర్ నంబరుంది. ఈమధ్య జేబులో సెల్లుకు కూడా పదంకెల నంబరొచ్చింది. పాపం, చెట్టు ఏం చేసిందని? దిక్కూ మొక్కూ లేకుండా ఊరికే నిలబడి ఉండాలా?

పైగా ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతున్నారు. అవెక్కడున్నాయని మాత్రం అడక్కండి. ఫైల్లో పెరుగుతున్నాయి. అక్కడైతే మేకలు మేయవు, ఎండకు మాడవు, నీళ్లు పోసే పనీ లేదు. మొన్న టౌన్లో జరిగిన సెమినార్లో వాటి ఎత్తు కూడా చదివి వినిపించారు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది నేనే.

ఇక ప్రజల భాగస్వామ్యం! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని కళ్లారా చూద్దామని గొలుగొండ దాటి ఒక కొండకింద ఊరికి వెళ్లాను. అక్కడ విన్నదే అప్పలకొండమ్మ సంగతి. ఒంటరి ముసలమ్మ. కొండ అంచున ఉన్న చింతచెట్టే ఆమెకు ఆధారం. ఆ పండు ఒలిచి సంతకు మోస్తే ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది.

కాంట్రాక్టరు మనిషి తాతబ్బాయి తెల్లరంగు డబ్బాతో వచ్చి కొండ మీది చెట్లకు వరసగా నంబర్లు వేశాడు. నాలుగువందల పన్నెండు దగ్గర ఆపి మూత బిగించాడు. నంబరు పడిందంటే గవర్నమెంటు కాపలా పడినట్టేనని ఊరంతా సంబరపడింది. అప్పలకొండమ్మ మాత్రం కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

"మా సింతకెయ్యలేదేటి బాబూ?"

"అది లిస్టులో లేదు మామ్మా."

"అయితే ఎక్కించు. రేపెవుడైనా కొట్టేత్తే నేనేటి సేత్తాను?"

గ్లాసుడు మజ్జిగ కూడా తెచ్చి ఇచ్చింది. తాతబ్బాయి మజ్జిగ తాగి, మూత తీసి, చింతచెట్టు మీద నాలుగువందల పదమూడు అని రాసి, లిస్టులోనూ ఎక్కించి వెళ్లిపోయాడు. చూశారా! అడిగి మరీ వేయించుకుంది. ఇంతకు మించిన భాగస్వామ్యం ఏ దేశంలో ఉందో చెప్పండి?

పది రోజులకు లారీలు వచ్చాయి. రోడ్డుకు దగ్గరగా ఉంది కనుక ముందు చింతచెట్టునే కొట్టారు. అడ్డుపడిన ముసలమ్మకు లిస్టు చూపించారు. నిజమే, లిస్టులో ఉంది.

నేను వెళ్లేసరికి మోడు పక్కన కూర్చుని ఉంది. పది మొక్కల సంగతి చెప్పి ఓదార్చబోయాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. నాకు సిగ్గేసింది, దాచుకోవడమెందుకు.

నెల తిరక్కుండా పక్క కొండ మీద, ఆమె కన్నవారి ఊళ్లో, తెల్ల నంబర్లు పడ్డాయి. ముసలమ్మ కిరసనాయిలు సీసా, పాత చీరముక్క పట్టుకుని వెళ్లి, రెండు రోజుల పాటు ఒక్కో చెట్టునూ తుడిచింది. ఫారెస్టు వాళ్లు పట్టుకుని ఎందుకు చేశావని గద్దిస్తే ఒకటే మాట చెప్పిందట.

"మా సింతకి నంబరు నేనే ఎయ్యించేను బాబూ. ఇయ్యి సెరపకపోతే నాకు ముద్ద దిగదు."

కేసు పెట్టారు. పెట్టాలి మరి! అడవికి నష్టం చేసినవాళ్లను ఊరికే వదిలేస్తే యాజమాన్యం ఏమైపోవాలి? ఆ కొండల్లో ఈ ఏడాది ఆ నేరం కింద పెట్టిన కేసు అదొక్కటే.