నా తాళంకప్పలకు తగిన సంత

మీకు ప్రాణప్రదమైన వస్తువేదైనా ఉందా? అది కలకాలం మీ ఇంట్లోనే, మీ కళ్లెదుటే ఉండాలని కోరికా? అయితే ఆలస్యం చేయకుండా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టండి! ఇనప్పెట్టెలో దాచినదాన్ని దొంగ ఎత్తుకుపోవచ్చు. బంధువుకిచ్చి దాచమన్నదాన్ని బంధువు మరిచిపోవచ్చు. అమ్మకానికి పెట్టినదాన్ని మాత్రం ఎవడూ ముట్టుకోడు.

ఊరికే అనడం లేదు. పదకొండు నెలల అనుభవం మీద అంటున్నాను.

నా దగ్గర నూట నలభై మూడు పాత తాళంకప్పలున్నాయి. ముప్పై ఏళ్లుగా ఏరి తెచ్చుకున్నవి. ఇత్తడివి, ఇనపవి, అరచేతికి పట్టనివి, బొటనవేలి గోరంతవి. మూతపడిన మిల్లు గేటుదొకటి, ఎవరో పారేసిన ట్రంకుపెట్టెదొకటి. కొన్నిటికి తాళంచెవులున్నాయి, కొన్నిటికి లేవు. అన్నీ పక్కగదిలో ఒక స్టీలు బీరువాలో ఉంటాయి.

మా ఆవిడ టైలరు. మిషను హాల్లో, సోఫాకీ గుమ్మానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బట్ట కత్తిరించేది భోజనాల బల్ల మీద. నా కంచంలో ఇప్పటికి రెండుసార్లు గుండీలు వచ్చాయి.

"ఆ గది నాకు కావాలండీ. కొలతలకి వచ్చినవాళ్లు మెట్ల మీద నిలబడుతున్నారు. వాటిని ఎవరికైనా అమ్మేయండి" అంది.

సరే అన్నాను. సరే అన్న మొగుణ్ణి ఏ కోర్టూ శిక్షించలేదు కదా!

కానీ ఎక్కడ అమ్మాలి? కిటుకంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఇలాంటి పాత సరుకు అమ్మిపెట్టే సైటు లోకంలో ఒక్కటే ఉంటే, నేను వారంలో అన్నీ అమ్ముకుని బికారినయ్యేవాణ్ణి. అదృష్టం బాగుండి ఏడు తేలాయి! ఏడింటినీ పోల్చి చూడకుండా ఏ బుద్ధిమంతుడైనా తొందరపడతాడా? మూడు నెలలు పోల్చాను. మా బావమరిది రంగు పెన్సిళ్లతో పట్టిక కూడా గీసిచ్చాడు. ఆ పట్టిక చాలా బాగుంది.

మొదటి సైటులో తాళంకప్పలకు విభాగమే లేదు. 'ఇల్లు, తోట, ఇతరములు'లో పెట్టాను. నీళ్ల పైపుకీ ప్లాస్టిక్ కుండీకీ మధ్య నా మిల్లు గేటు కప్ప దిక్కులు చూస్తూ కూర్చుంది.

రెండోది ఒరిజినల్ బిల్లూ వారంటీ కార్డూ అడిగింది. మా తాత పుట్టకముందు చేసిన కప్ప అది! అమ్మిన షాపు లేదు, షాపువాడు లేడు, ఆ వీధి కూడా రోడ్డు వెడల్పులో పోయింది. వారంటీ మాత్రం కావాలట.

మూడోది వేలం. ఊపు రావాలని మా బావమరిది ముందుగా ఒక పాట పాడాడు. ఆ తర్వాత ఎవరూ పాడలేదు. అతనే గెలిచాడు. కమిషన్ వాళ్లకు వెళ్లింది, కప్ప మా బీరువాలోనే ఉంది.

నాలుగోదానికి భద్రతా విభాగం ఉంది. తాళంచెవి లేని కప్ప అమ్మడం అనుమానాస్పదమని ఒకరోజు, తాళంచెవి ఉన్న కప్ప అమ్మడం కొన్నవారికి ప్రమాదమని మరునాడు తిప్పికొట్టారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఇక కొనేవాళ్లా? కొదవేం లేదు! "లాస్ట్ ప్రైస్?" అని రోజుకు పదిమంది అడుగుతారు. ఫస్ట్ ప్రైస్ చూడను కూడా చూడరు. ఒకాయన సైకిల్ పంపు ఇస్తాను, మొత్తం కప్పలన్నీ ఇచ్చేస్తారా అన్నాడు. మరొకాయన ఇందులో లేటెస్ట్ మోడల్ ఉందా అన్నాడు. ఏమయితేనేం, నా సరుకు క్షేమం.

మిగిలిన మూడూ నా ఫొటో కింద ఎర్రక్షరాలతో 'కొత్త అమ్మకందారు, జాగ్రత్త!' అని వేశాయి. ఇదేమిటని అడిగితే, ముందు మీరు పదిమంది దగ్గర కొనండి, వాళ్లు మిమ్మల్ని మెచ్చుకుంటే మీ పేరు పక్కన చుక్కలు వస్తాయి, అప్పుడు అమ్ముకోవచ్చు అన్నారు. న్యాయమే కదా! కొన్నాను. ఏం కొంటాను? నాకు తెలిసిన సరుకొక్కటే. పద్దెనిమిది తాళంకప్పలు కొన్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు పద్దెనిమిది కొత్త నాలుకలు మొలిచాయి!

"అమ్మడానికి కొన్నారా?" అంది మా ఆవిడ పార్సిళ్లు చూసి.

"నమ్మకం సంపాదించడానికి."

ఆవిడ మెళ్లో టేపు తీసి బీరువా పొడవూ వెడల్పూ కొలుచుకుంది. పాపం, దానికి కవరు కుడుతుంది కాబోలని సంబరపడ్డాను.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా నూట అరవై ఒక్క కప్పలూ పాత దుప్పటి మీద కుప్పగా ఉన్నాయి. బీరువా ఖాళీ. మూడో అంతస్తులో ఉండే లెక్కల టీచరు దాని పక్కనే నిలబడి ఉంది. పరీక్ష పేపర్లు దాచుకోవడానికి బీరువా కావాలట. మా ఆవిడ బిల్డింగు వాట్సాప్ గ్రూపులో 'బీరువా ఉంది, వచ్చి చూసుకోండి' అని పెట్టిందట, అంతే! ఫొటో లేదు, వారంటీ లేదు, చుక్కలు లేవు.

"కప్పలకి మీరు వెతుకుతూనే ఉండండి. బీరువాకి నాకు కొనేవాళ్లు దొరికేశారు" అంది.

టీచరు బీరువా తలుపులు లాగి చూసి, "దీనికి తాళం లేదాండీ?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. లేదు! దాని తాళం ఎప్పుడో పాడైంది. తలుపులకు రెండు ఇనప రింగులు మాత్రం ఉన్నాయి. వాటికో కప్ప తగిలించాలని నాకు ముప్పై ఏళ్లలో తోచలేదు.

టీచరు కుప్ప వంక చూసి, కింద కూర్చుని, ఒక ఇత్తడి కప్ప తీసింది. అటూ ఇటూ తిప్పింది.

"దీనికి తాళంచెవి పెట్టే కన్నమే లేదేంటండీ? ఎలా తెరుచుకుంటుంది?"

నేనూ కుప్ప పక్కన చతికిలబడ్డాను. నిజం చెబుతున్నాను, నవ్వకండి. పదకొండు నెలలు, ఏడు సైట్లు, వందల మెసేజీలు. ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అడగలేదు.

మీద చెక్కిన పువ్వును పక్కకు జరిపితే కన్నం బయటపడుతుందని చూపించాను. తాళంచెవి పెట్టి ఎడమకు రెండు తిప్పులు, ఆపైన చిన్న గుంజు. మొదటిసారి ఆవిడకు రాలేదు. మూడోసారి టక్కుమని తెరుచుకుంటే చప్పట్లు కొట్టింది. "మళ్లీ వేయండి, మళ్లీ తీస్తాను" అంది. అరగంట అదే పని.

మా ఆవిడ మిషను ఆపి వచ్చి నిలబడింది. "ఇదెప్పుడూ నాకు చూపించలేదేం?" అంది.

"దీనికెంతండీ?" అంది టీచరు.

"తెరవడం వచ్చినవాళ్లదేనండీ" అన్నాను.

ఇప్పుడు గది మా ఆవిడది. కొలతలకు వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ పక్కన కప్పలు బుట్టల్లో ఉన్నాయి. ఖాళీగా కూర్చున్న చేయి ఊరుకోదు కదా, తీసి చూస్తారు, అడుగుతారు, పట్టుకెళతారు. కుప్ప తరుగుతోంది.

సైట్ల నుంచి నా ప్రకటనలు తీసేద్దామని కూర్చున్నాను. ఎందుకు తీసేస్తున్నారో చెప్పమంది మొదటి సైటు. 'ఒకావిడ ఇది ఎలా తెరుచుకుంటుందని అడిగింది' అని రాశాను. ఈ కారణం చెల్లదు, వివరంగా రాయండి అంది.

అందుకే ఇంత రాయవలసి వచ్చింది.