ఆఫీసు టైర్లు

భారీ వాహనాలకు సరైన టైర్లు ఎన్నుకోవడంలో మన కృష్ణా డెల్టాను మించిన ప్రాంతం భూమ్మీద లేదు. ఇతర దేశాల్లో రోడ్డు చూసి, లోడు చూసి టైరు కొంటారు. మనం తనిఖీ తేదీ చూసి అద్దెకు తెస్తాం.

ఆటోనగర్‌లో హబీబ్ షాపులో ఒక టైర్ల సెట్టు ఉంది. ఆఫీసు టైర్లంటారు. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళే లారీకి పొద్దున బిగిస్తారు, సర్టిఫికెట్ చేతికి రాగానే విప్పుతారు. షాపు నుంచి రవాణా ఆఫీసుకు, ఆఫీసు నుంచి షాపుకు తప్ప అవి ఎక్కడికీ వెళ్ళి ఎరగవు. అందుకే గాట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. (తనిఖీ అధికారి వేదవ్యాస్ గారు వాటిని చూడగానే చిన్నగా నవ్వుతారు. పాత పరిచయం.)

ఆ మధ్య సత్యనారాయణ గారి చెరకు లారీ పరీక్షకు వచ్చింది. డ్రైవరు శౌరయ్య. దాని సొంత టైర్లు గుండు గీసినట్టుంటాయి. ఉయ్యూరు దాకా కాలవ గట్టు మీద తోలాలి. అంతకుముందు వానలో బ్రేకు వేస్తే లారీ జారి, ముందు చక్రం గట్టు అంచున ఆగింది.

ఆఫీసు టైర్లతో లారీ పాసయింది. టైర్ల విషయంలో సత్యనారాయణ గారు రాజీపడని మనిషని వేదవ్యాస్ గారు మెచ్చుకున్నారు.

బయటికొచ్చాక శౌరయ్య నసిగాడు. "అయ్యగారూ, ముందువి రెండూ ఉంచేద్దామండీ. ఈ సీజనుకి."

"అవి ఆఫీసు టైర్లయ్యా. రోడ్డు మీద తిప్పితే అరిగిపోవూ?"

"మరి నేనండీ?"

"నీకేం, రాయిలా ఉన్నావు. నిమ్మకాయలు కొత్తవి కట్టిస్తాలే."

శౌరయ్య లారీని హబీబ్ షాపుకు తిప్పకుండా నేరుగా చెరకు తోటకు పోనిచ్చాడు. లోడెత్తించుకుని ఉయ్యూరు చేరాడు. దారిలో గేదె అడ్డమొస్తే బ్రేకు వేశాడు. లారీ ఆగింది. (ఈ సంగతి తర్వాత అతని మీద వచ్చిన ఫిర్యాదులో లేదు.)

మర్నాడు ఆఫీసు ముందు లారీలన్నీ సొంత టైర్లతో నిలబడ్డాయి. వేదవ్యాస్ గారు ఒక టైరును వేలితో తడిమి, ఇదేమిటని అడిగారు. ఒక్క లారీ కూడా పాసవలేదు.

"పెళ్ళికని అద్దెకిచ్చిన గుండిగలో రోజూ అన్నం వండుకుంటే ఎట్టాగండీ!" అని హబీబ్ లబోదిబోమన్నాడు.

లారీ యజమానుల సంఘం అత్యవసరంగా కూర్చుని విచారణ జరిపింది.

"టైర్లెందుకు తిప్పావయ్యా?" అనడిగారు అధ్యక్షురాలు సంపూర్ణమ్మ గారు.

"తిరిగేయే కదండీ," అన్నాడు శౌరయ్య.

నేరం ఒప్పుకున్నట్టే లెక్క. ఊరుమ్మడి టైర్లను రోడ్డు మీద వాడినందుకు అతన్ని పనిలోంచి తీసేశారు. టైర్లకు అంటిన మట్టి కడిగి, నల్లరంగు పూసి, యథాస్థానంలో పెట్టారు.

సత్యనారాయణ గారి లారీకి మళ్ళీ గుండు టైర్లు ఎక్కాయి. కొత్త డ్రైవరు కోసం వెతుకుతున్నారు. అనుభవం లేకపోయినా ఫర్వాలేదట. ఈత మాత్రం వచ్చి ఉండాలట.