కొక్కేల భద్రత

వెర్లిన్ టోల్మన్ ఈ వేసవిలో కూడా భార్యను సముద్రం దగ్గరికి తీసుకువెళ్లడానికి సర్వసన్నద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి ఆయనే స్వయంగా వీధిలో అందరికీ తెలియజేశాడు. పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చోబెట్టే క్యాంపర్, అంటే మంచం, పొయ్యి, అలమరలు ఉన్న బుల్లి గది, వాకిట్లో సిద్ధంగా ఉంది. దాన్ని ట్రక్కుకు పట్టి ఉంచే కొక్కేలను కాస్త గట్టిపరచడం ఒక్కటే మిగిలింది. నిరుడూ అదే మిగిలింది.

ఆయన భార్య మార్లిస్ తొందరపడే మనిషి కాదు. కాకపోతే ఒరెగాన్ తీరంలో ఉన్న అక్క ఎల్డోరా తన ఇల్లు అమ్మేసింది. సెప్టెంబరు ఆఖరుకు తాళాలు ఇచ్చేయాలి. సముద్రం కనబడే ఆ వరండాలో అక్కచెల్లెళ్లిద్దరూ ఇంతవరకూ ఒక్కసారైనా కలిసి కూర్చోలేదు.

ఐడహోలోని ఆ ఊళ్లో ట్రక్కు మీద ఎవరు ఏది కట్టినా ఇరుగుపొరుగు మగవాళ్లు వచ్చి ఊపి చూడాలి. అరచేత్తో రెండుసార్లు చరిచి, "ఇదిక ఎక్కడికీ పోదు" అనాలి. ఆ మాట పడకుండా బండి కదిలించడం మర్యాద కాదు. వెర్లిన్ క్యాంపర్‌ను క్యాంపర్ల సంఘం అధ్యక్షుడు రాయ్స్ హాడ్‌లాక్ ఊపి చూశాడు. ఒకసారి చరిచాడు. రెండోసారి చెయ్యెత్తి, ఆపాడు.

"ఎందుకో మనసు ఒప్పడం లేదు వెర్లిన్."

ఆ ఒక్క మాటా చాలు.

వెర్లిన్ కొక్కేల వెనక ఇనుప పలకలు వేయించాడు. పలకల బలానికి వెనకున్న చెక్క తగదని తేలడంతో చెక్కంతా మార్చాడు. కొత్త దూలాలకు చోటు చాలక అలమరలు తీసేశాడు. అడ్డకమ్మీల కోసం పొయ్యి త్యాగం చేశాడు. మూలకు మూల కలుపుతూ బిగించిన కడ్డీ సరిగ్గా మంచం మధ్యనుంచి పోవలసి వచ్చింది. భద్రత విషయంలో రాజీపడని మనిషి కాబట్టి మంచమే తప్పుకుంది.

"మరి మనం పడుకునేది ఎక్కడ?" అని అడిగింది మార్లిస్.

"ముందు ఇది ఊడకుండా ఉండాలిగా! కొండ మలుపులో ఊడిపోతే మీ అక్కకేం చెబుతావు?"

"ఊడ్డానికి అందులో ఇంకేముంది వెర్లిన్? ఉన్నదంతా నువ్వే ఊడబెరికావుగా!"

ఆడవాళ్లకు ఇలాంటివి వివరించడం కష్టమని వెర్లిన్ బోల్టులకే చెప్పుకున్నాడు.

సెప్టెంబరు మూడో వారంలో సంఘం సభ్యులందరూ బీరు డబ్బాలతో వాకిట్లో సమావేశమయ్యారు. రాయ్స్ ఊపాడు. క్యాంపర్ కదల్లేదు. రెండుసార్లు చరిచి ప్రసంగించాడు.

"మిత్రులారా! ఈ ట్రక్కు లోయలో పడి నుజ్జునుజ్జయినా సరే, ఈ క్యాంపర్ దాన్ని వదలదు. లోపలున్నవాళ్లు ట్రక్కుతో పాటే ఉంటారు. మన ఊరికి ఇంతకన్నా గర్వకారణం ఏముంది!"

అందరూ హర్షధ్వానాలు చేశారు. మార్లిస్ లోపలికి వెళ్లి సంచీ సర్దుకుని వచ్చింది. అప్పుడు రాయ్స్ గడ్డం గోక్కున్నాడు.

"అది సరే, క్యాంపర్ తొట్టిని పట్టుకుంది. మరి తొట్టిని ట్రక్కుకు పట్టుకున్న బోల్టుల మాటేమిటి?"

వెర్లిన్ పానా తీసుకుని ట్రక్కు కిందికి దూరాడు.

మార్లిస్ కూరగాయలకు వెళ్లే తన పాత చిన్న కారులో సంచీ పడేసింది. అక్కకోసం కాచిన జామ్ సీసాలు పెట్టింది. వరండాలో వేసుకునే కుర్చీ లోపల పట్టక, పైన పెట్టి బట్టలారేసే తాడుతో కట్టింది.

"ఏయ్ మార్లిస్, ఆగు! ఆ ముడి ఒకసారి చూడనీ!" అని రాయ్స్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె ఆగలేదు.

మర్నాడు ఒరెగాన్ నుంచి ఫోన్ చేసి క్షేమంగా చేరానని చెప్పింది. అక్క, తను మెట్లమీద కూర్చుని చీకటి పడేదాకా నీళ్లవైపు చూశామనీ, సముద్రం అంత చప్పుడు చేస్తుందని ఎవరూ ఎందుకు చెప్పలేదనీ అంది. కుర్చీ దారిలో ఎక్కడో పడిపోయిందని కూడా అంది.

ఊరంతా గుప్పుమంది. సంఘం అత్యవసరంగా సమావేశమై కుర్చీకి సంతాపం ప్రకటించింది. సభ్యులందరూ ఆ సాయంత్రమే ఇళ్లకు పోయి తమ తమ కొక్కేలు ఇంకో చుట్టు బిగించుకున్నారు. ఆ తర్వాత మార్లిస్‌కు ఎన్నో ఫోన్లు వచ్చాయి. తాడు ఎలాంటిది, ముడి ఎలా వేశావు అని అందరూ అడిగారు. సముద్రం ఎలా ఉందని అడిగినవారు లేరు.

మీరు మాత్రం అలాంటివారు కారని తెలుసు. మీరు అడగదలచింది, ఆ కుర్చీ ఏ మలుపులో పడిందనే కదా.