ఫిర్దౌస్ ట్రైలర్స్, నరసరావుపేట

ఆ రోజు పొద్దున ఫిర్దౌస్ పెట్టుకున్న పని ఒక్కటే. నెట్ సెంటర్‌కు వెళ్ళి, తన టైలరింగు షాపును సర్కారు పోర్టల్లో నమోదు చేయించుకుని, షాపు తీసే వేళకు తిరిగి రావాలి. నరసరావుపేటలో రెడీమేడ్ షాపులు పెరిగినకొద్దీ ఆమె మిషన్ల చప్పుడు తగ్గుతూ వచ్చింది. తన దగ్గర కుట్టే ఆడవాళ్ళకు వచ్చే నెల నుంచి పని లేదని చెప్పాలంటే నోరు రావడం లేదు. మైనారిటీల చిన్న యూనిట్లకు సర్కారు ఆర్డర్లలో వాటా పెట్టారనీ, హాస్టల్ పిల్లల యూనిఫారాలు కూడా అందులో ఉన్నాయనీ సరిగ్గా అప్పుడే మసీదు వీధిలో మాట వినపడింది.

నెట్ సెంటర్ చరణ్ ఒక చేత్తో ఇడ్లీ తింటూ రెండో చేత్తో టైపు కొట్టాడు. "అయిపోయిందక్కా. ఇంక నీకు ఆర్డర్లే ఆర్డర్లు" అన్నాడు.

కొన్నాళ్ళకు జిల్లా ఆఫీసు నుంచి బసవపున్నయ్య అనే అధికారి ఫోను చేశాడు. మైనారిటీ మహిళలకు ఎన్ని ఆర్డర్లు ఇచ్చారని పైవాళ్ళు అడిగినప్పుడల్లా సున్నా చూపించి తిట్లు తింటున్న మనిషి ఆయన.

"అమ్మా, ట్రైలర్స్ మీరేనా?"

ఫిర్దౌస్‌కు అది టైలర్స్ అనే వినపడింది. "నేనే సార్. పెళ్ళి కాకముందు నుంచీ ఇదే పని."

"ఆడమనిషివై ఉండీ! నెలకి ఎన్ని ఇవ్వగలవు?"

"నెలదేంది సార్, అందరం కూర్చుంటే రోజుకే ఇరవై దించుతాం."

బసవపున్నయ్య ఆ అంకె రాసుకున్నాడు. "గట్టిగుంటాయా తల్లీ? రోడ్డు మీద ఊడిపోతే మా పరువు పోద్ది."

"ఊడితే నన్నడగండి. జాయింట్ల కాడ డబల్ వేస్తాం."

"మరి రంగు?"

"ఎంత వానలో తడిసినా పోదు సార్."

"శభాష్!" అని ఆయన ఫోను పెట్టేసి, అప్పటికప్పుడే పైకి రిపోర్టు పంపేశాడు.

ఆర్డరు వచ్చింది. షాపులో కాజాలు కుట్టే మానస దాన్ని చదివి, మళ్ళీ చదివి, మిషను ఆపింది. "అక్కా, ఇందులో చొక్కాల్లేవు. ట్రైలర్లంట. ట్రాక్టరు ఎనక తగిలిస్తారే, ఆ ఇనప తొట్లు. రొంపిచెర్ల, రాజుపాలెం పంచాయతీలకి చెత్త మొయ్యటానికంట."

"యా అల్లా! అయి ఏ మిషను మీద కుడతారే?"

ఫిర్దౌస్ ఉన్నపళాన జిల్లా ఆఫీసుకు పరుగెత్తింది. తను టైలర్నని ఆమె చెప్పగానే బసవపున్నయ్య ముఖం, నమ్మినవాళ్ళు మోసం చేసినట్టుగా వాడిపోయింది.

"రిపోర్టు పోయింది. పేపరు వాళ్ళు సోమవారం ఫోటోకి వస్తన్నారు. ఇప్పుడొచ్చి టైలర్నంటే ఎట్టా తల్లీ? కరెక్షన్ పెడతా, కానీ అది పైదాకా పోయి రావాలి. ఈలోపు ఆర్డరు వద్దన్నావా, నీ యూనిట్ పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత నువ్వు ఏం కుట్టినా మేం కొనం."

ఇనుము అనేసరికి ఆమెకు స్టేషన్ అవతల వెల్డింగు షెడ్డు నడిపే ఏలియా గుర్తొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే తొట్లలో చాలావరకు ఆయన చేసినవే. ఆమె వెళ్ళేసరికి ఏలియా పని ఆపేసి, ఇనుప రేకుల మధ్య, నీలం గళ్ళ గుడ్డ బేళ్ళ మీద దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఈ గుడ్డలేంది బాబాయ్?"

"నన్నడిగితే? చర్చిలో చెప్పారని నేను కూడా పోర్టల్లో పేరు రాయించుకున్నా. తొట్ల ఆర్డరు వస్తదనుకుంటే, హాస్టల్ పిల్లలకి చొక్కాలు కుట్టమని ఇయ్యి దింపి పొయ్యారు. నిప్పురవ్వ పడిద్దేమోనని పొద్దుట్నుంచి పొయ్యి కూడా ముట్టించలా."

"నువ్వు యాడ రాయించుకున్నావు?"

"చరణ్ కాడే."

ఇద్దరూ కలిసి నెట్ సెంటర్ మీద పడ్డారు. చరణ్ కంప్యూటరు చూసి, ఏ మాత్రం కంగారు పడకుండా చెప్పాడు. "అక్కదాంట్లో ఒక అక్షరం ఎక్కువ పడింది, బాబాయిదాంట్లో ఒకటి తగ్గింది. మొత్తం మీద సరిపోయిందిగా!"

ఏలియా చేతికి కీబోర్డు దొరకకుండా చరణ్ దాన్ని వెనక దాచుకున్నాడు.

ఇద్దరూ జిల్లా ఆఫీసుకు వెళ్తే, దారి చూపించింది మాత్రం బసవపున్నయ్యే. "ఇద్దరి కరెక్షన్లూ పైకి పంపుతా. ఈలోపు, ఎవరు చేశారన్నది ఫైల్లో ఎక్కడా రాయం. ఎవరి పేరు మీద చేశారన్నదే రాస్తాం. అర్థమయిందా?"

అర్థమయింది. బేళ్ళు ఫిర్దౌస్ షాపుకు, రేకుల పని ఏలియా షెడ్డుకు చేరాయి. సోమవారం పేపరు వాళ్ళు వచ్చినప్పుడు ఫిర్దౌస్ తల మీద కొంగు సర్దుకుని, దాని మీద వెల్డింగు ముసుగు తగిలించుకుని, వెల్డింగు రాడ్డును సూది పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడింది. మెడలో టేపు వేసుకున్న ఏలియా మిషను ముందు కూర్చుని వెనక్కి తొక్కాడు. దారం పుటుక్కున తెగింది.

"ఏమైందండీ?" అన్నాడు విలేకరి.

"కరెంటు తక్కువొస్తంది" అన్నాడు ఏలియా, కాళ్ళు పెడలు మీదే ఉంచి. విలేకరి రాసుకున్నాడు.

ఆ ఏడాది బాగానే గడిచింది. తొట్లు ఊళ్ళలో చెత్త మోశాయి, పిల్లలు కొత్త చొక్కాలు తొడుక్కున్నారు. ఫిర్దౌస్ షాపులో ఎవరినీ మానిపించే అవసరం రాలేదు. పైగా పండక్కి అందరికీ చీరలు కూడా పెట్టింది. బసవపున్నయ్యకు ఉత్తమ అధికారిగా శాలువా కప్పారు.

మళ్ళీ టెండర్ల కాలం వచ్చేసరికి, పైకి పోయిన కరెక్షన్ కిందికి దిగింది. పోర్టల్లో ఫిర్దౌస్ టైలరయింది, ఏలియా ట్రైలర్ల వాడయ్యాడు. ఫిర్దౌస్ సంబరంగా మిఠాయి పొట్లంతో ఆఫీసుకు వెళ్ళింది. ఏలియా అప్పటికే అక్కడ ముఖం వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఈసారి రూలు మారిందమ్మా" అన్నాడు బసవపున్నయ్య, మిఠాయి అందుకుంటూ. "చేసే పనిలో ముందు అనుభవం ఉండాలి. రికార్డు చూస్తే నువ్వు చేసినయ్యన్నీ తొట్లు, ఈయన కుట్టినయ్యన్నీ చొక్కాలు. ఇద్దరికీ అనుభవం లేదని పోర్టలే కొట్టేసింది."

"ఆ రికార్డు ఎట్టా వచ్చిందో మీకు తెలవదా సార్?"

"నాకు తెలుసమ్మా. పోర్టల్‌కి తెలవదుగా."

ఆయన మనసు నిజంగానే కరిగి, ఆ సాయంత్రమే ఇద్దరికీ ఉచిత శిక్షణ మంజూరు చేయించాడు: ఫిర్దౌస్‌కు కుట్టుపనిలో, ఏలియాకు వెల్డింగులో.