పోల్చి కొన్న కార్నెట్

ఇద్దరు మనుషులకు పెళ్లి కుదర్చడానికి రెండు కుటుంబాలు చాలు గానీ, ఒక పాత కార్నెట్ కొనడానికి ఒక మండలి, రెండు ఉపసంఘాలు, ఒక యాప్ కావాలని మన నాగరికత ఎన్నడో తేల్చేసింది. కోయిలకుంట్ల బ్యాండుమేళంలో ఏళ్ల తరబడి కార్నెట్ ఊదుతున్న ఓబుళేశుకే ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

(కార్నెట్ అంటే ట్రంపెట్‌కు పొట్టి తమ్ముడు. గొంతు మెత్తన. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు, ఏడవడం ఇష్టంలేని బంధువుల చేత కూడా ఏడిపించేది అదే.)

మొన్న మాఘమాసపు పెళ్లిళ్లలో అతని కార్నెట్ మీటలు బిగుసుకుపోయాయి. కొత్తది తెచ్చి ఊదితే రేకుడబ్బాలో మూసిన కోడిపుంజు కూసినట్టుంది. మేళం పెద్ద అయ్యన్న మారుమాట లేకుండా ఓబుళేశు చేతికి తాళాలిచ్చి వెనక వరుసలో నిలబెట్టాడు.

అలాంటి సమయంలో కడపలో విశ్వాసమ్మ అనే పెద్దావిడ దగ్గర పాతకాలపు కార్నెట్ ఉందని విన్నాడు. ఆవిడ భర్త చర్చి మేళంలో ఊదినదట. వెళ్లి ఊది చూశాడు. విశ్వాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆయన పోయినాక ఇది పలకడం ఇదే మొదలు నాయనా. నాకేమీ వద్దు, తీస్కపో. పదిమందిలో ఊదితే సాలు."

సరిగ్గా అక్కడే ఓబుళేశు మర్యాదస్తుడైపోయాడు. "ఊరికే ఎట్ల తీసుకుంటానమ్మా? కళాకారులకు వాద్యాలు కొనిచ్చే మండలి కర్నూల్లో ఉండాది. నీకు న్యాయంగా దుడ్లు ఇప్పిస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య ఓబులమ్మ నోరు తెరిచింది. "ఆయమ్మ చేతికిస్తాంటే ఆఫీసు కాడికి పోతాండావా?"

పోయాడు. వాద్య సంరక్షణ, సరఫరా మండలిలో పోలికల అధికారి శ్రీనివాసులు అతన్ని ఆదరంగా కూర్చోబెట్టాడు.

"ఒక్కదాన్ని కొనలేమప్పా. పోల్చాల. ఇట్లాంటివే ఇంకా రెండు తే."

"ఇట్లాంటిది ఇంకోటి లేదనే గదా సార్, దీన్ని అడుగుతాండా!"

"అట్లయితే లేదని రెండు చోట్ల రాయించుకొని రా."

లేదని రాసిచ్చేవాళ్లు దొరక్క, ఓబుళేశు ఎండలో తిరిగి ఇంకో రెండు కార్నెట్లే సాధించాడు. ఒకటి నంద్యాలలో పాతసామాన్ల అంగట్లో దొరికింది, లోపల కందిరీగల గూడుతో సహా. ఇంకొకటి ఆదోనిలో ఒక హోటల్ గోడకు వేలాడుతోంది, మీటలు లేకుండా. యాప్‌లో కార్నెట్ అనే మాటే లేదు కనుక మూడింటినీ 'వ్యవసాయ పనిముట్లు, ఇతరములు' కింద ఎక్కించాడు. (వీటికి బిందుసేద్యం రాయితీ వర్తించదని వెంటనే జవాబొచ్చింది.)

పోలిక రోజున ఉపసంఘం మూడింటినీ తూచింది, కొలిచింది, గుడ్డతో తుడిచి చూసింది. ఊదించలేదు. ఊదిస్తే పక్షపాతానికి తావిచ్చినట్టవుతుందని నిబంధన. కందిరీగల గూడుకు ప్రాచీనత కింద అదనపు మార్కులు పడేసరికి ఓబుళేశు లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక్కసారి వినండి సార్" అని చేతులు జోడించాడు.

వినడం తమ పరిధిలోకి రాదని, దానికి వేరే శాఖ ఉందని శ్రీనివాసులు నెమ్మదిగా చెప్పాడు.

అయినా న్యాయమే గెలిచింది. కందిరీగ ఒకటి బయటికొచ్చి సభ్యుడొకాయన్ని కుట్టడంతో విశ్వాసమ్మ కార్నెట్ ఏకగ్రీవంగా ఎంపికైంది. ఆవిడ ఖాతాలో సొమ్ము పడింది. ఓబుళేశు మేళం ఎర్రకోటు తొడుక్కుని, కడప బస్సు దిగిన విశ్వాసమ్మను వెంటబెట్టుకుని మండలికి వెళ్లాడు. దారంతా పెదవులు తడుపుకుంటూనే ఉన్నాడు.

కార్నెట్ గాజుబీరువాలో ఉంది. లోపల చిన్న దీపం, బయట పెద్ద తాళం. అంత మంచిదని తేలాక సరఫరా విభాగం దాన్ని సంరక్షణ విభాగానికి అప్పగించేసిందట.

ఓబుళేశు తాళం లాగి చూశాడు. విశ్వాసమ్మే అడిగింది.

"దీన్ని ఇంక ఎవరూ ఊదరా నాయనా?"

శ్రీనివాసులు నిజంగానే నొచ్చుకున్నాడు.

"అదేం మాటమ్మా? ఊదితే పాతదైపోదా!"