సహాయ సంఘం వారి కుట్టు మిషను

పావగడ తాలూకాలోని మా ఊళ్లో జూదం వల్ల బాధపడుతున్న మహిళలకు ఇకమీదట ఏ లోటూ ఉండదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వారి కోసం ఒక సహాయ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడి నుంచి మామూలు సభ్యుడి దాకా అందులో అందరూ జూదమాడేవారే. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. బాధ సంగతి పుట్టించేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ముందు మా ఊరి అభివృద్ధి గురించి ఒక మాట చెప్పాలి. సోలార్ పార్కు రాకముందు మా మగవాళ్లు వేరుశనగ వేసి, వాన కోసం ఆకాశం చూసి దిగులుపడేవారు. ఇప్పుడు పొలాలు కంపెనీకి కౌలుకు ఇచ్చారు. మబ్బు పడితే దిగులుపడే బాధ్యత కూడా కంపెనీదే. ఎండను కంపెనీకి ఇచ్చి నీడను మనవాళ్లు అట్టిపెట్టుకున్నారు. ఆ సోలార్ పలకల నీడలో చాప పరిచి పొద్దున్నే అందర్-బాహర్ మొదలుపెడతారు. పేక ముక్క లోపల పడుతుందా, బయట పడుతుందా అన్నదే ఆట. నెత్తిన సూర్యుడు అంత కష్టపడుతుంటే, కింద మనిషి కూడా కష్టపడటం దుబారా అని వారి అభిప్రాయం.

ఈ ఆటకు ఒక మర్యాద ఉంది. గెలిచినవాడు వచ్చి వస్తువు లాక్కుపోడు. ఓడినవాడే దాన్ని మోసుకెళ్లి, గెలిచినవాడి ఇంట్లో దించి, మంచినీళ్లు తాగి రావాలి. అందువల్ల బలవంతం అనే మాటే రాదు. మా వీధి ధనంజయ తన భార్య సౌభాగ్య కుట్టు మిషనును ఇంత మర్యాదగానే, గెలిచిన మల్లేశప్ప ఇంటికి చేర్చాడు. ఇనుప కాళ్ల పాత మిషను, బరువు ఎక్కువ. దారిలో ముగ్గురు చెయ్యి వేశారు. మా ఊళ్లో పరోపకారానికి కొదవ లేదు.

"యాడికి తీసుకపోతాండావు?" అని సౌభాగ్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

"సర్వీసుకు" అన్నాడు ధనంజయ.

సౌభాగ్య ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల బడి, పొయ్యి మీద కుండ, ధనంజయ బీడీలు అన్నీ ఆ మిషను తొక్కితే నడిచేవే. అది పోయిన రోజున ఆమె దగ్గర మంగళవాడ పెళ్లివారి జాకెట్ల మూట సగం కుట్టి ఉంది. నెలాఖరు ఆదివారం లోపల ఇవ్వకపోతే మూటను పావగడ టైలరుకు ఇచ్చేస్తామని పెళ్లివారు కబురు పెట్టారు. ఒకసారి పట్నం చేరిన మూట మళ్లీ పల్లెకు రాదు. పెళ్లికూతురి జాకెట్టుకు అప్పటికి వీపు లేదు. అది ఫ్యాషనని మగపెళ్లివారికి చెప్పి ఉంచారట. నా పచ్చ జాకెట్టు కూడా ఆ మూటలోనే, ఒంటిచేత్తో ఉంది.

సౌభాగ్య రోజూ పొద్దున్నే మల్లేశప్ప వాకిట్లో నిలబడి తన మిషనును గట్టిగా అడగసాగింది. ఆమెను చూసి ఇతర మహిళలు కూడా వచ్చి తమ తమ వస్తువులను పేరుపేరునా అడగసాగారు. ఆ కేకలు పొలం దాకా వినపడి ముక్కల లెక్క తప్పుతోందని ఆటగాళ్లు వాపోయారు. సమస్య ఇంత తీవ్రమయ్యాక ఉపేక్షించడం తగదని మల్లేశప్ప అధ్యక్షుడిగా సహాయ సంఘం ఏర్పడింది. మహిళలను కూడా సభ్యులుగా చేర్చుకుందామని ఎవరో అన్నారు. వాళ్లు మీటింగులో కూర్చుంటే చిత్రాన్నం ఎవరు చేస్తారని ఇంకెవరో అన్నారు. చర్చ సంతృప్తికరంగా ముగిసింది.

సంఘం చేసిన సేవలు అనేకం. మొదట జూద వ్యతిరేక బైక్ ర్యాలీ తీశారు. ఎవరి బైకు ముందు పక్క ఊరు అరసికెరె చేరుతుందా అని దాని మీద పందేలు కాశారు. తర్వాత 'ఉత్తమ బాధితురాలు' పురస్కారం పెట్టి, ఎవరి భార్య నెగ్గుతుందా అని దాని మీద కూడా కాశారు. హెల్ప్‌లైన్ ప్రారంభించారు. నంబరు అధ్యక్షుడిదే. ఆ ఫోనులో ఆయన రమ్మీ ఆడుతుంటాడు గనుక పగలూ రాత్రీ మేలుకునే ఉంటాడు. ఇంతకన్నా నమ్మకమైన హెల్ప్‌లైన్ జిల్లాలో లేదు.

సౌభాగ్య దానికీ ఫోను చేసింది.

"సహాయ సంఘమా? నా మిషను ఏమాయె మామా?"

"మా నడవలోనే భద్రంగా ఉండాది తల్లీ. దాని మీద టీవీ పెట్టినాం. ఒక్క నిమిషం పట్టుకో, ఇంకొక్క పేకాకు పడితే నాది షో."

ఆమె పట్టుకుంది. ఆకు పడలేదు.

"చూడు, నీ ఫోను వల్లనే పోయె!" అని అధ్యక్షుడు బాధపడ్డాడు. ఆ రోజున సంఘం రికార్డులో బాధితుల సంఖ్య ఒకటి పెరిగింది.

ఇక అసలు సహాయానికి వద్దాం. ఆడవాళ్లకు సహాయమంటే కుట్టు మిషను ఇవ్వడమని దేశంలో అన్ని సంఘాలూ ఏనాడో తేల్చాయి. మా సంఘం దగ్గర, దైవికంగా, ఒక మిషను సిద్ధంగా ఉంది. మల్లేశప్ప టీవీని కిందికి దించి, ఉదారంగా మిషనును విరాళమిచ్చాడు. ఎవరికి ఇవ్వాలో లక్కీ డ్రా తీసి నిర్ణయిస్తామని చాటింపు వేయించారు. లక్కీ డ్రా కూడా జూదమే కదా అని మీకు అనుమానం రావచ్చు. కాదు. దీనికి రసీదు ఇస్తారు.

"నా మిషనుకు నేను చీటీ కొనేదేంది మామా?" అంది సౌభాగ్య.

"సమానత్వం తల్లీ" అన్నాడు మల్లేశప్ప. "నీది అని నీకే ఇచ్చేస్తే మిగతా ఆడోళ్లకు అన్యాయం కాదా? ఆలోచన చెయ్యి."

ఆమె చీటీ కొనలేదు. మిగతా అందరం కొన్నాం. మగవాళ్లు కూడా భార్యల తరఫున కొన్నారు. అందరికన్నా ఎక్కువ మల్లేశప్ప కొన్నాడు, ప్రజలను ప్రోత్సహించడానికి.

సభ ఆ గడువుకు ముందురోజు, శనివారం జరిగింది. ముఖ్య అతిథి యోగానంద తుమకూరులో వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తారు. శనివారమైతే పావగడలో శనిమహాత్ముని దర్శనం చేసుకుని, అటునుంచి అటే వస్తానన్నారు. నుదుట బొట్టుతో, చేతిలో ప్రసాదంతో వచ్చి మైకు అందుకున్నారు.

"సోదరీమణులారా! పోగొట్టుకున్నవారే పొందుతారు. ఏమీ పోగొట్టుకోనివాడు దురదృష్టవంతుడు. మీలో కొందరు బిందెలు, కొందరు కమ్మలు, కొందరు ఇంటి తలుపులు కూడా పోగొట్టుకున్నారని తెలిసి నా హృదయం ఉప్పొంగింది. మీ భవిష్యత్తు ఎంత ఉజ్జ్వలమో ఊహించుకోండి!"

ఊహించుకుని చప్పట్లు కొట్టాం. అతిథి డబ్బాలో చెయ్యి పెట్టారు. అందరం మెడలు చాచి చూశాం. సౌభాగ్య చివరి వరుసలో, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"విజేత... శ్రీ మల్లేశప్ప!"

మల్లేశప్ప వినయంగా కళ్లు తుడుచుకుని, లగేజీ ఆటోను పిలిచాడు. అప్పుడు ముందు వరుసలోంచి ఆయన తల్లి తిమ్మక్క లేచింది.

"ఒరే మల్లేశా, ఈ పొద్దు ఏ వారంరా?"

"శనివారం మా."

"శనివారం పూట ఇనుము ఇంటికి తెస్తావా? గడప దాటించినావంటే నేను మా తమ్మునింటికి పోతా!"

శనివారం ఇనుము కొనకూడదు, ఇంటికి తేకూడదు అని మా పక్క పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ సంఘం వారికి అన్నీ ఆట వారాలే గనుక ఆ సంగతి తోచలేదు. మల్లేశప్ప మిషను మీది చెయ్యి తీసేశాడు. కార్యదర్శికి ఇస్తానన్నాడు. కార్యదర్శి తనకు ఉన్న శని చాలన్నాడు. రెండో బహుమతి విజేత బహుమతి కూడా తీసుకోకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. ముఖ్య అతిథి అప్పుడే శాంతి చేయించుకుని వచ్చినవారు, గబగబా వేదిక దిగారు. భార్య మెడలోని గుండ్లు పందెం కాయడానికి జంకని వీరులందరూ ఒక కుట్టు మిషనుకు ఆమడ దూరంలో నిలబడ్డారు.

"ఈడనే వదిలేస్తే?" అన్నాడు మల్లేశప్ప.

"చీటీలో నీ పేరు వచ్చినాక యాడ ఉన్నా అది నీదేరా. పొద్దు మునిగే లోపల వదిలించుకో" అంది తిమ్మక్క.

మల్లేశప్ప చివరి వరుస దాకా నడిచి వచ్చాడు. "సౌభాగ్యా, నా తల్లీ, నువ్వు తీసుకోమ్మా."

"నాకు మాత్రం పిల్లోళ్లు లేరా మామా? శనివారం ఇనుము నేనెట్ల తీసుకపోయేది?"

"మరి ఎట్లమ్మా?"

"ఒగ దారి ఉండాది. కొత్తగా తెచ్చుకునే ఇనుముకు శని. తన ఇనుము తన ఇంటికి తిరిగొస్తే దోషం లేదు. కాకపోతే అది నా మిషనే అని నువ్వు మైకులో చెప్పల్ల."

మల్లేశప్ప పొద్దు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. మైకు దగ్గరికి వెళ్లాడు.

"ఈ మిషను... సౌభాగ్యదే."

"వినపడలేదు మామా!"

"సౌభాగ్యదే! మొదటి నుంచీ సౌభాగ్యదే!"

అప్పుడు తిమ్మక్క ఇంకో మాట అడిగింది. "అది సరే, మనింట్లో ఆ ఇనుప మంచం, బీరువా, సైకిలు గెలుచుకొచ్చినది ఏ వారంరా?"

గెలిచినవాడికి వారం గుర్తుంటుందా? మల్లేశప్ప ముఖం వాడిపోయింది. "మైకు ఆఫ్ చెయ్యొద్దన్నా, నా మంచం మాట కూడా చెప్పు!" అని ఒకావిడ లేచింది. "నా సైకిలు!" అంది ఇంకొకావిడ. పొద్దు గుంకేసరికి మా ఊళ్లో ఇనుమంతా సొంత ఇళ్లకు చేరింది. కమ్మలు, గుండ్లు మాత్రం చేరలేదు. బంగారానికి శని అంటదట. ఈ విషయాన్ని సంఘం వారు పెద్దలను అడిగి మరీ తేల్చుకున్నారు.

మిషనును ధనంజయే మోశాడు. ఈసారి ఎవరూ చెయ్యి వేయలేదు.

"ఎంతైనా శనివారం. నీ ఇంటికి శని వస్తే ఎట్లనే?" అని తిమ్మక్క వెనకనుంచి అడిగింది.

"కొత్తగా వచ్చేదేముందవ్వా" అంది సౌభాగ్య, ముందు నడుస్తున్న మొగుణ్ణి చూస్తూ. "పెండ్లినాటి నుంచి మా ఇంట్లోనే తిని పండుకుంటాండాడు."

అందరం నవ్వాం. ధనంజయ కూడా నవ్వాడు, ఎవరి గురించో అనుకుని.

పెళ్లికూతురి జాకెట్టుకు వీపు వచ్చింది. మగపెళ్లివారు మాత్రం కొంచెం నిరాశపడ్డారని తెలిసింది. నా పచ్చ జాకెట్టుకు రెండో చెయ్యి కూడా వచ్చింది. ఒక మహిళకు సంపూర్ణ పునరావాసం కల్పించామని సంఘం నివేదిక రాసుకుంది. ఇకమీదట ఇనుప వస్తువులను పందెంలో పెట్టరాదని, బంగారం, ఇత్తడి అయితే అభ్యంతరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

చివరిగా ఒక సంగతి. అతిథి డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు ఆ మిషను ఎవరిదో సభలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. అయినా ఎవ్వరం నోరు విప్పలేదు. ఎవరి పేరు వస్తుందా అని ఊపిరి బిగబట్టి చూశాం. మీకూ మొదటినుంచీ తెలుసు, మీరూ అలాగే చూశారు. కాబట్టి మీకు మా సంఘంలో సభ్యత్వం వచ్చేసినట్టే. చందా శనివారం తప్ప ఏ రోజైనా కట్టవచ్చు. రసీదు ఇస్తారు.